ఎడమచేతి హోంవర్కు

నోయిడా,
సెప్టెంబరు 14

ప్రియమైన సుభద్రక్కా,

ఫోన్లో చెబితే మొదటి మాటకే తిట్టడం మొదలుపెడతావని ఉత్తరం రాస్తున్నాను. పూర్తయ్యాక తిట్టు.

నువ్వు మీ వీధంతా చూపించుకున్న సహస్ర నోటుపుస్తకాల ఫొటోలున్నాయే, ఆ రాత నాది. రెండేళ్లుగా నా కూతురి హోంవర్కు నేనే రాస్తున్నాను, పిల్ల రాతలా వంకరగా ఉండాలని ఎడమచేత్తో. అడిగితే పాఠమంతా గడగడా చెప్పే పిల్ల, పుస్తకం తెరిస్తే అక్షరాలు కదిలిపోతున్నాయని ఏడ్చేది. డిస్లెక్సియా అని డాక్టరు చెప్పాడు. బళ్లో తెలిస్తే పంపించేస్తారని నోరు మూసుకున్నాను. నీకూ చెప్పలేదు.

ఈ ఏడు అలాంటి పిల్లల కోసమే కొత్తగా వచ్చిన వీణ మేడమ్ రెండు రోజుల్లో సంగతి కనిపెట్టి, సహస్రకు ఒక ట్యాబ్ ఇచ్చింది. మనం చెబితే అది రాస్తుంది, రాసింది పైకి చదువుతుంది. నిన్న పేరెంట్స్ మీటింగులో, అమ్మ గురించి సహస్ర చెప్పిన వ్యాసాన్ని అది అందరి ముందూ చదివింది. మా మమ్మీ చాలా కష్టపడుతుంది, నా హోంవర్కు కూడా తనే ఎడమచేత్తో రాస్తుంది అని. గది గదంతా గొల్లున నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఇక టీసీ చేతిలో పెట్టడమే తరువాయి అనుకున్నాను.

వీణ మేడమ్ మాత్రం నవ్వి, “అచ్ఛా మేడమ్, ఇక మీ నౌకరీ ఖతమ్” అంది. వచ్చే పరీక్షలు సహస్ర ట్యాబ్‌కి చెప్పే రాస్తుందట, అనుమతి కూడా వచ్చేసిందట. దారిలో ఇద్దరం ఆగి కడుపునిండా జలేబీ తిన్నాం. ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

నీ దగ్గర దాచినందుకు మాత్రం సిగ్గుగా ఉంది.

నీ చెల్లి,
అరుంధతి

కాకినాడ,
సెప్టెంబరు 22

అరూ,

నిన్ను తిట్టే నోరు నాకెక్కడిదే. ఏడో తరగతి తప్పి నీ క్లాసులోకే వచ్చిపడ్డాను కదా. అప్పటినుంచి రోజూ పొద్దున్న నీకు జడ వేస్తూ, నిన్ను పాఠాలు పైకి చదవమనేదాన్ని. అలా వినే పదో తరగతి గట్టెక్కాను. నాకూ అక్షరాలు నిలిచేవి కావు. అందరూ మొద్దు అంటే నిజమే కాబోలనుకుని ఇన్నేళ్లు బతికాను. నీ ఉత్తరం విన్నాక హాయిగా ఏడ్చాను.

విన్నాక అనే అన్నాను. చదివి వినిపించింది మీ బావ. నీకు ఇన్నాళ్లూ వచ్చిన నా ఉత్తరాలన్నీ ఆయన రాతే, ఇదీ అంతే.

దసరా సెలవులకి టికెట్లు తీయమన్నాను. ఆ ట్యాబ్ నేర్చుకోవడానికి పెద్దమ్మ శిష్యురాలిగా వస్తోందని సహస్రకి చెప్పు. ఆయన చేత రాయించలేక ముప్పై ఏళ్లుగా మిగిలిపోయిన మాటలు చాలా ఉన్నాయి, అన్నీ ఆయన మీదే. ఇది రాస్తూ కూడా ఎలా నవ్వుతున్నారో.

నీ అక్క,
సుభద్ర