మన పేజీకి ఆఖరి ఆదివారం

మోంతెవిదేవో,
ఏప్రిల్ 11, 2024.

నా మొండి మిత్రుడు ఎద్గార్దోకి,

సుల్మా బోలెడు నమస్కారాలతో రాయునది. ఇక్కడ అందరం క్షేమం. అక్కడ నువ్వూ, నీ మోకాళ్లూ కులాసాయేనని తలుస్తాను. రిటైరైన రోజే ఫోను వదిలించుకున్న మహానుభావుడివి కాబట్టి ఈ ఉత్తరం మీ ఊరు ఆయిగువాకి బస్సు నడిపే నెల్సన్ చేతికిచ్చి పంపుతున్నాను.

ఆఫీసులో కొత్త ప్రోగ్రామర్ చేరింది. పేరు యుస్మారీ, కారకాస్ మనిషి, మన అలవాట్లు తెలియవు. మొదటి రోజు నేను మాతే టీ పోసి సొరబుర్ర చేతికిస్తే, తాగి మర్యాదగా థాంక్స్ అంది. ఇంకేముంది, మాతే దగ్గర థాంక్స్ అంటే ఇక పోయొద్దనేగా మనకి, అలాగే అనుకుని వారమంతా ఆ సొరబుర్రను ఆమె ముందు నుంచే దాటించేశాం. చివరికి పాపం, నేనేం తప్పు చేశాను సెన్యోరా, నా వంతు రాదేం అని అడిగేసింది. పడీ పడీ నవ్వాం. నువ్వు ఇన్నేళ్లలో ఒక్కసారే థాంక్స్ అన్నావు, రిటైరైన రోజు. ఆ రోజు ఎవరికీ నవ్వు రాలేదు.

అసలు విషయానికొస్తాను. బస్సు టికెట్లు అమ్మే మన వెబ్ పేజీ పాతబడిపోయింది, కొత్త పనిముట్లతో మళ్లీ రాద్దామని ఆ యుస్మారీ పట్టుబట్టింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ వేసవిలో, కిటికీ బయట కార్నివాల్ డప్పులు మోగుతుంటే, కీబోర్డు మీద పిజ్జా ముక్కలు రాలుస్తూ మనిద్దరం ఒక్కో లైనూ రాసిన పేజీ అది! మొదటి టికెట్ అమ్ముడైనప్పుడు నువ్వు కుర్చీ ఎక్కి గెంతితే దాని కాలు విరిగింది. ఆ మూడు కాళ్ల కుర్చీని నేనింకా ఎవర్నీ పారేయనివ్వలేదు. సుల్మా, నేను బతికుండగా దాన్ని ఆపనివ్వకు అని నువ్వు వెళ్తూ వెళ్తూ అన్నావు. పేజీ గురించే. నేను సరేనన్నాను.

ఆమె కొత్తది రాసి తెచ్చాక, ఏది మేలో తేల్చుకుందామని రెండు పేజీలూ రెండు ఫోన్లలో పెట్టుకుని మేమిద్దరం బస్సెక్కాం. తెరుచుకోవడంలో మనదే ముందు! కొత్తది ఇంకా కళ్లు నులుముకుంటోంది. చూశావా పిల్లా, ముసలిది ఎలా పరిగెడుతోందో అని గట్టిగా అరిచాను కూడా. కొండలు రానీండి సెన్యోరా, అప్పుడు చూద్దాం అంది. కొండలొచ్చాయి, సిగ్నల్ పోయింది. మన పేజీ సంగతి నీకు తెలుసు, మొత్తం సర్వరే వండి పంపాలి, సిగ్నల్ లేకపోతే ఏమీ రాదు. సీటూ పేరూ నింపి నొక్కగానే తెల్లమొహం వేసింది. కొత్తది సగం వంట ఫోనులోనే చేసుకుంటుంది. రాసిందంతా దాచుకుని, సిగ్నల్ రాగానే తనే పంపి టికెట్ తెచ్చింది.

అయినా నేను ఒప్పుకోలేదు. దిగాక, స్టాపులో ఒక పెద్దావిడ మన పేజీతోనే కుస్తీ పడుతోంది. రాజధానిలో ఆస్పత్రికి వెళ్లాలట. పేరు కొడుతోంది, పేజీ తెల్లబోతోంది, మళ్లీ మొదటికి. సాయం చేయబోతే, నాకే చేతకావట్లేదమ్మా, మొద్దు వేళ్లు అంది సిగ్గుపడుతూ. ఎద్గార్దో, ఆవిడ వేళ్లకేం కాలేదు. ఇన్నాళ్లూ ఎంతమంది ఇలా తమనే తిట్టుకున్నారో అనిపించింది.

కంపెనీ వాళ్లు కొత్తదాని వైపే మొగ్గారు. మన పేజీ ఈ ఆదివారం మధ్యాహ్నం ఆగిపోతుంది. కోపం తెచ్చుకో, నోరారా తిట్టు, మాట్లాడటం మాత్రం మానకు.

ఇట్లు,
నీ ఎదురుబల్ల నేస్తం,
సుల్మా

తా.క. కంపెనీ వాళ్లు అని రాశాను గానీ, అది అబద్ధం. వాళ్లు తేల్చమన్నది నన్నే. తేల్చింది నేనే. ఆ పెద్దావిడ కనిపించిన స్టాపు కూడా మీ ఊళ్లోదే. ఎదురుగా ఉన్న బేకరీలోంచి నువ్వు పొట్లం పట్టుకుని రావడం చూశాను. మొహాన చెప్పే ధైర్యం లేక బస్సు వెనక దాక్కున్నాను. ఆదివారం మన పేజీని ఆపాల్సిందీ నేనే. ఒక్కదాన్నే ఆపడం నా వల్ల కాదు, ఎద్గార్దో. కవరులో నీ పేర టికెట్ ఉంది. కొత్త పేజీలో కొన్నదే, ముక్కు మూసుకుని పట్టుకో. నీ కుర్చీ గోడకి ఆనించి ఉంచుతాను. మాతే నేను పోస్తాను. ఈసారి థాంక్స్ మాత్రం అనకు.