కడుపునొప్పి మీద ఉమ్మడి క్లాసు

మరిదికి వదిన ఆశీస్సులు.

ఇంట్లో ఆస్పత్రి మాట ఎత్తితే మీ అన్నయ్య కంచం ముందునుంచి లేచిపోతున్నారు. అందుకే ఈ ఉత్తరం. మెడిసిన్‌లో నేనొకటి, సర్జరీలో నువ్వొకటి చెప్పి మన కాలేజీ పిల్లల బుర్రలు పాడుచేస్తున్నామని ప్రిన్సిపాల్‌గారి బాధ. కడుపునొప్పి మీద మనిద్దరం కలిసి క్లాసు చెప్పాలట. కడుపునొప్పితో మీ వార్డులో చేరిన లెక్కల టీచరుగారిని బుధవారం పొద్దుటికి సిద్ధంగా ఉంచు. పైన కలుద్దాం.

ఇట్లు,
వదిన

తా.క. పిల్లల ముందు నన్ను మాత్రల డాక్టరు అనకు.

---

వదినకు నమస్కారాలు.

మీరు చెప్పినట్టే సిద్ధం చేశాను. టీచరుగారికి ముందురోజు రాత్రి నుంచి మంచినీళ్లు కూడా ఇవ్వనివ్వలేదు. ఆపరేషన్‌కి సంతకం పెట్టించాను. పైన థియేటర్‌లో సగంమంది పిల్లలతో మీకోసం కాళ్లు పీకేదాకా నించున్నాను. మీరు రాలేదు. మిగతా సగంమందీ రాలేదు. మీరు లేకుండా మొదలుపెడితే మళ్లీ మాటొస్తుందని ఆవిణ్ణి వెనక్కి పంపేశాను. కలిసి చెప్పడమంటే ఇదేనా?

మీ మరిది

తా.క. గ్లౌజులు వేసుకున్నాక ముక్కు దురద పెట్టింది. ఎవరైనా గోకండర్రా అంటే ఒక్కడూ కదల్లేదు. ఇది మీ శిక్షణే.

---

మరిదికి,

పైన అంటే మీ థియేటర్ ఒక్కటే తెలుసా నీకు? మా వార్డూ పైనే ఉంది. మిగతా సగంమంది పిల్లలూ నా దగ్గరే ఉన్నారు. సిద్ధంగా ఉంచమన్నది, పిల్లలొచ్చి ప్రశ్నలడుగుతారని ఆవిడకి చెప్పి ఉంచమని. కోయడానికి కాదు నాయనా. జ్వరం లేదు, రక్తపరీక్షల్లో ఏమీ లేదు, స్కాన్‌లో ఏమీ లేదు. ఏం చూసి కోద్దామనుకున్నావు?

శుక్రవారం ఆవిడ మంచం దగ్గరే క్లాసు. కత్తి లేకుండా రా.

వదిన

తా.క. ఆవిడకి భోజనం పంపించాను.

---

వదినగారికి,

ఇరవయ్యేళ్లుగా ఇదే పని చేస్తున్నవాణ్ణి పట్టుకుని కత్తి లేకుండా రమ్మంటారా? కుడిపక్క చెయ్యి ఇలా ఆనిస్తే చాలు, ఆవిడ విలవిల్లాడిపోతోంది. లోపల అపెండిక్స్ పగిలితే మీ పరీక్షల కాగితాలతో కట్టు కడతారా? వస్తాను. పిల్లల ముందే తేల్చుకుందాం.

మరిది

తా.క. మీరు పంపిన భోజనం ఆపించాను. ఆవిడ నన్ను బెంచీ ఎక్కిస్తానంది.

---

మరిదికి వదిన రాయునది.

నిన్న నువ్వు విసురుగా వెళ్లిపోయాక ఏం జరిగిందో ఎవరూ చెప్పి ఉండరు. చెప్పడానికి భయపడుతున్నారు.

అంతసేపూ మనం ఏం చేశాం? లోపల ఏమీ లేదని నేను, ముట్టుకోనివ్వట్లేదని నువ్వు. నువ్వొక పిల్లాడి చేత కడుపు నొక్కిస్తే, నేనొక పిల్ల చేత స్కాన్ చదివించాను. నువ్వటు వెళ్లగానే ఆ పిల్లే, "మేడమ్, మీరు చెప్పిందీ నిజమే, సార్ చెప్పిందీ నిజమే అయితే, నొప్పి లోపల కాదేమో, పైన చర్మంలోనేమో" అంది. ఆవిణ్ణి అడిగి, కుడిపక్క దూది ముక్కతో ఊరికే అలా రాసింది. ఆవిడ కేక పెట్టింది. పక్కకి తిప్పి చూస్తే నడుం దగ్గర్నుంచి పట్టీ కట్టినట్టు సన్నని పొక్కులు. ఆ పొద్దుటే లేచినట్టున్నాయి. చర్మవ్యాధుల మేడమ్ వచ్చి ఒక్క చూపు చూసి, "సర్పి. పొక్కుల కంటే నొప్పే ముందొస్తుంది" అంది. మందు మొదలుపెట్టాం. ఆపరేషన్ లేదు. ఆవిడ కడుపునిండా తిని పడుకుంది.

నాకు తల కొట్టేసినట్టయింది. నువ్వు చెయ్యి వేసి కనిపెట్టింది నేను వినలేదు. నా కాగితాలు నువ్వు చూడలేదు. రెండూ విన్నది ఆ పిల్లలే.

ఇక అసలు సంగతి. క్లాసు రద్దు చేస్తారని మనిద్దరం ఆశపడ్డాం కదా. పిల్లలంతా వెళ్లి ప్రిన్సిపాల్‌గారిని కలిశారట. "విడివిడిగా చెబితే రాసుకుంటున్నాం. వీళ్లిద్దరూ పోట్లాడుకుంటుంటేనే ఆలోచిస్తున్నాం. ప్రతి వారం పెట్టించండి" అన్నారట. ఆయన టైమ్‌టేబుల్లో వేసేశారు. ప్రతి శుక్రవారం. చర్మవ్యాధుల మేడమ్‌ని కూడా కలిపారు.

ఇట్లు,
నీ వదిన

తా.క. వచ్చే వారం ఆయాసం. నేను గుండె అంటాను. నువ్వు కాదను.