ఎర్ర అక్షరాల కోసం నలభై కిలోల గుడ్డ

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య దీవెనలు. ఇక్కడ అత్తయ్య, నేను, నా మూడు అద్దకం తొట్లు కులాసా.

నువ్వు నేర్పిన రాత పద్ధతి భలే ఉంది తల్లీ. మామూలుగా టైపు చేసుకుంటూ పోయి, మాటకి అటూ ఇటూ రెండేసి నక్షత్రాలు పెడితే తెర మీద లావుగా కనిపిస్తోంది. ముందు # పెడితే పెద్దదైపోయి శీర్షికలా నిలబడుతోంది. ముప్ఫై ఏళ్లుగా నా బుర్రలో ఉన్న కొలతలన్నీ, ముందు ఎరుపు, తర్వాత పసుపు, ఆపైన నీలం, రెండేసి అంకెల చొప్పున ఎక్కించేశాను. తొంభై పేజీల పుస్తకమైంది.

ఇక అసలు సంగతి. నెలాఖరున పరీక్ష. బయటి మిల్లు నుంచి ఒక మేస్త్రీ వచ్చి, నన్ను ఒక్క మాట కూడా అడగకుండా, పుస్తకం చూసి నా రంగు తేవాలి. తేలేకపోతే అద్దకం గదికి తాళం వేస్తారు, తొమ్మిది మందిమి ఇంటికి వెళ్తాం. ఇన్నేళ్లలో నా రంగు నా పక్క తొట్టి మనిషికే రాలేదు. భయంగానే ఉంది.

అందుకని హెచ్చరికలు ఎర్రగా కనిపించాలి. "సోడా వేశాక రంగు పొడి కలపకూడదు" అన్నది కూడా నల్లగానే ఉంటే ఎవరు పట్టించుకుంటారు? ఎరుపు ఎలా తేవాలో రాయి.

మామయ్య

తా.క. ఈ ఉత్తరాలు కూడా కంప్యూటర్లోనే రాయొచ్చుగా అంటావు. మేనేజరు వెనకాల నిలబడి చదువుతాడు. తన గురించి ఏమీ లేకపోతే చిన్నబుచ్చుకుంటాడు.

మామయ్యకి నమస్కారాలు,

నీ తొంభై పేజీలూ చదివాను. యంత్రాలు ఎలా వాడాలో చెప్పే పుస్తకాలు రాయడమే నా ఉద్యోగం కదా, ఇంత శుభ్రమైన రాత మా ఆఫీసులో ఒక్కరికీ లేదు. "నీళ్లలో వేలు పెట్టి మూడు అంకెలు లెక్కపెట్టగలిగితే అది సరైన వేడి" అన్న వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. పక్కనే డిగ్రీల్లో ఎంతో కూడా రాయి, అందరివీ నీ వేళ్లు కావు.

ఎరుపు సంగతి. ఈ రాత పద్ధతికి సొంతంగా రంగుల్లేవు. మనమే బయటి నుంచి తగిలించాలి. నువ్వు చేయాల్సిందల్లా ప్రతి హెచ్చరికకీ ముందు, కింద నేను అతికించిన చీటీలో ఉన్నట్టు రంగు నంబరు పెట్టడమే. నీకు ముదురు ఎరుపు బాగుంటుంది: #842040. పొదుపుగా వాడు.

నీ మేనకోడలు

తా.క. మా పెద్దాయన నీ పేజీలు చూసి, ఈయన మన దగ్గర చేరతారా అని అడిగారు. నా కుర్చీకే ఎసరు పెడతావని భయపడి, ఆయనకి తీరిక లేదని చెప్పేశాను.

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య దీవెనలు. నీ నంబరు పదిహేడు హెచ్చరికలకీ పెట్టాను. అయితే అద్ది చూడని రంగు నా పుస్తకంలో ఉండదని నీకు తెలుసు. అందుకని ముందు అద్దాను. ఎనభై నాలుగు పాళ్లు ఎరుపు, ఇరవై పసుపు, నలభై నీలం. ముందు # ఉంది కాబట్టి పెద్ద తొట్టిలో వేశాను. నలభై కిలోల గుడ్డ.

నిజం చెప్పాలంటే అది ఎరుపు కాదు. వంకాయకీ ఇటుకకీ మధ్య ఎక్కడో ఉంది. కానీ ఎండలో ఆరేశాక మా తొమ్మిది మందిమీ పని ఆపి చూశాం. కుర్చీలో కూర్చుని, చేతికి తడి తగలకుండా ఇలాంటి రంగు కట్టావంటే నువ్వు సామాన్యురాలివి కాదు. మా వంశంలో ఇంకో అద్దకం మనిషి ఉందని నాకిన్నాళ్లూ తెలియలేదు.

మామయ్య

తా.క. చీర అడగకముందే అత్తయ్యకి నాలుగు గజాలు పక్కన పెట్టాను. తను చూసి, కిటికీకి బాగుంటుంది అంది.

మామయ్యా,

ఈ ఉత్తరం చేరగానే తొట్లు ఆపెయ్. ఆ నంబరు గుడ్డకి కాదు. కంప్యూటరు తెర మీద వెలుగు ఎంత ఎర్రగా ఉండాలో చెప్పే నంబరు. అందులో పొడి లేదు, పాళ్లు లేవు. # అంటే ఇక్కడ పెద్ద తొట్టి కూడా కాదు.

ఇంకో ఘోరం. మీ ఆఫీసు తెర రంగుల్ని ఒప్పుకోదట. ఇందాక నీ పుస్తకాన్ని ఇక్కడి నుంచే తెరిచి, మీ తెర మీద ఎలా కనిపిస్తుందో చూశాను. అక్షరాలు నల్లగానే ఉన్నాయి, ప్రతి హెచ్చరిక ముందూ #842040 బోసిగా నిలబడి ఉంది. పరీక్షకి వచ్చే మేస్త్రీ దాన్ని చూసి ఏమనుకుంటాడో తలుచుకుంటే నాకు అన్నం సయించడం లేదు. అవన్నీ పీకేసి, "ఆగండి" అని రాసి నక్షత్రాలు పెట్టు. మాట ఉంటే రంగు లేకపోయినా ఆగుతారు.

తప్పు నాదే. అద్దకం మేస్త్రీకి అంకెలు పంపేముందు ఆలోచించాల్సింది.

నీ మేనకోడలు

తా.క. ఆ గుడ్డ ముక్క ఒకటి పంపు. మా ఆఫీసులో అందరూ ముందు నవ్వారు, తర్వాత చూస్తామని వరస కట్టారు.

చిరంజీవి మేనకోడలికి,

నీ ఉత్తరం చేరేసరికి పరీక్ష అయిపోయింది.

వచ్చిన మేస్త్రీ గడుసు మనిషి. పుస్తకం మొత్తం తిరగేసి, "ఈ ఒక్క కొలతే పదిహేడుసార్లు రాశారంటే ఈ గదికి ఇదే ప్రాణం అన్నమాట, దీన్నే తెస్తాను" అన్నాడు. అది హెచ్చరికల కోసం పెట్టిన ఎరుపని చెబుదామంటే నోరు విప్పకూడదని షరతు. ఎంత వేడి, ఎంతసేపు, ఎన్నిసార్లు కడగాలి, అన్నీ నువ్వు నా వెంటపడి డిగ్రీల్లో, నిమిషాల్లో రాయించినవి చూసుకుంటూ చిన్న తొట్టిలో అద్దాడు.

మేనేజరు ఆ గుడ్డనీ నా నలభై కిలోల్లో ఒక ముక్కనీ కిటికీ దగ్గర పట్టుకుని, ఏది ఎవరిదో చెప్పమన్నాడు. మేస్త్రీ చెప్పలేకపోయాడు. నేనూ చెప్పలేకపోయాను తల్లీ. నేను అద్దిన గుడ్డని నేను గుర్తుపట్టకపోవడం అదే మొదటిసారి. గది ఉంటుంది, తొమ్మిది మందిమీ ఉంటాం. ఎవరికీ కనపడకుండా గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

హెచ్చరికల దగ్గర నంబర్లు తీసేసి "ఆగండి" అని రాశాను. ఆ కొలతని రంగుల పేజీలో చేర్చాను. పేరేం పెట్టాలని మేనేజరు అడిగితే నీ పేరు చెప్పాను.

మామయ్య

తా.క. నిన్న మూడో తొట్టి ఆవిడ పుస్తకం చూసుకుంటూ ఆ రంగుని ఒక్కతే అద్దింది. నేను కూర్చుని చూశాను. ఆ గదిలో ఒక కుర్చీ ఉందని ముప్ఫై ఏళ్ల తర్వాత తెలిసింది.