గుమ్మడికి ఎన్ని మార్కులు

మే 4

వెటర్నరీ కాలేజీకి సెలవులు. బాబాయి డెయిరీలో పదకొండు ఆవులు. అన్నింటికీ కండిషన్ స్కోరు, అంటే ఒంటి పుష్టికి మార్కులు, వేస్తానన్నాను. ఒకటి అంటే ఎముకల గూడు, ఐదు అంటే కొవ్వు ముద్ద. తోక మొదట్లో, తుంటి మీద, నడుం పక్కన చెయ్యి పెట్టి చూసి వెయ్యాలి. తప్పినవాటిని దూడలతో కూర్చోబెడతావా అంది పిన్ని.

తుంటి. పలుకుతుంటేనే ఎముక తగిలే మాట.

మే 5

పది ఆవులకి మూడు, అటూ ఇటూ. పదకొండోది గుమ్మడి. ఆ పేరు పిన్ని పెట్టింది. నాలుగూ పావు. తోక మొదట్లో వేళ్లు దిగబడ్డాయి, ఎముక దొరకలేదు. నాలుగు వారాల్లో ఈనుతుంది.

కిందటేడు ఇలాగే నున్నగా ఉన్న ఆవు ఈనిన మూడో రోజు మేత మానేసి కూలబడింది. మళ్లీ లేవలేదు. ఆ కట్టుగుంజకి బాబాయి ఇప్పటికీ ఏ ఆవునూ కట్టడు. గుమ్మడిని అలా పోనివ్వను.

మే 6

ఈతకు ముందు రెండు నెలలు పాలు ఆపి విశ్రాంతినిస్తే దాన్ని ఒట్టిపోయిన ఆవు అంటారు. సెలవులో ఉన్నదానికి ఎంత దిగులు పేరు!

గుమ్మడి దాణా సగానికి కోశాను. చార్టు రాసి కొట్టం తలుపుకి అంటించాను. నిండు చూలాలికి కడుపు మాడుస్తారటే, నీ చదువు తగలెయ్య అంది పిన్ని. చదువుకున్న పిల్ల చెప్తోంది కదా, ఊరుకోవే అన్నాడు బాబాయి.

మే 13

నాలుగూ పావు.

మే 20

మళ్లీ నాలుగూ పావే! కాస్తయినా దిగొద్దూ? నా వేళ్ల మీద నాకే నమ్మకం పోతోంది.

మే 21, ఉదయం 5:30

దొరికింది దొంగ. అందరికంటే ముందు లేచి కొట్టంలోకి వెళ్లాను. పిన్ని గుమ్మడి తొట్టిలో దాణా పోస్తోంది. నువ్వు కోసిన సగమే తిరిగి పోస్తున్నా, గింజ ఎక్కువ లేదు అంది. రోజూనా అన్నాను. రోజూ అంది. సైన్సు తెలియనివాళ్లు ఊరుకోవాలి అనేశాను. పిన్ని ఖాళీ తట్ట దులుపుకుని వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

అదే రోజు, సాయంత్రం

పశువుల డాక్టరుని నేనే పిలిపించాను, పిన్నికి గట్టిగా చెప్పించాలని. ఆయన గుమ్మడిని తడిమి, చార్టు చదివి, ఎవరు రాశారిది అన్నాడు. నేనే సార్ అన్నాను, మెడ నిక్కించి.

ఒళ్లు తగ్గించాల్సింది పాలిచ్చే ఆఖరి నెలల్లోనమ్మా, ఇప్పుడు కాదు అన్నాడు. ఈతకు ముందు దాణా కోస్తే ఒంట్లో కొవ్వు ఒక్కసారిగా కరిగి లివర్ మీద పడుతుందట. ఈ చార్టు ప్రకారం నడిచి ఉంటే, అని ఆగాడు. నడవలేదండీ అంది పిన్ని. అంతే అంది.

ఆ పేజీ నా పుస్తకంలోనే ఉంది. లావు ప్రమాదం అన్నంతవరకు చదివి మూసేశాను. చార్టు చింపేశాను.

జూన్ 2

ఈనింది. పెయ్యదూడ!

జూన్ 5

మూడో రోజు. పొద్దున్నించి తొట్టి పక్కనే స్టూలు వేసుక్కూర్చున్నాను. మధ్యాహ్నం గుమ్మడి మేత వాసన చూసి మొహం తిప్పేసింది. డాక్టరు ఇచ్చిన స్ట్రిప్ మూత్రంలో ముంచాను. ఊదారంగు వస్తే ఆ కొవ్వు కరిగే జబ్బు. రాలేదు. పిన్ని తొట్టిలో చెయ్యి పెట్టి, పొద్దుటి గడ్డి వేడెక్కింది, నువ్వయితే తింటావా అంది. అది తీసేసి కొత్తది వేసింది. గుమ్మడి తింది. తిని, పడుకుని, నెమరు వేసింది.

నెమరు. భాష మొత్తంలో ఇంతకంటే మంచి మాట లేదు.

జూన్ 6

పిన్నికి సారీ చెప్పాను. అదెందుకు గానీ ఆ మార్కులు ఎలా వేస్తారో చూపించు అంది. తన చెయ్యి పట్టుకుని గుమ్మడి తోక మొదట్లో పెట్టాను. ఇంత మెత్తనా అని బెదిరింది.

కొత్త చార్టు రాశాం. పాలు తగ్గుతున్న నాలుగు ఆవులు అన్నిటికంటే పైన. ఒళ్లు సరిచెయ్యాల్సింది వాటికి, ఇప్పుడు.

జూన్ 23

గుమ్మడి: మూడూ ముప్పావు. ఈనాక ఈ మాత్రం దిగడం మామూలే. మార్కు వేసింది పిన్ని. నేను రాశాను.