ఖాళీగా తిరిగివ్వని డబ్బా

బహ్లా, గురువారం రాత్రి. బండి ఆగి పన్నెండో రోజు.

ఘాలాలోని వర్క్‌షాపు నుంచి గేర్‌బాక్స్ పార్టు ఇవాళా రాలేదు. ఈ ఎడారి దేశంలో ఊళ్లు చూద్దామని బయల్దేరితే, ఈ ఖర్జూరం తోట పక్కన వ్యానులోనే కాపురం కుదురుకుంది. చెట్టుకు తాడు కట్టి బట్టలారేస్తున్నాను. తోట మోటారు దగ్గర నీళ్లు పట్టుకుంటున్నాను. ఊరగాయ లేక ముద్ద మాత్రం దిగేది కాదు. అల్ హైల్‌లో ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడు మా ఆయన బరువంటూ నా ఆవకాయ జాడీ దింపేశాడు. తన ఫిల్టరూ కాఫీ పొడీ మాత్రం భద్రంగా ఎక్కించుకున్నాడు. మర్చిపోతానా?

తోటలో పనిచేసే జగిత్యాల మల్లేశ్ మొన్న ఒక డబ్బా తెచ్చాడు. "అక్కా, మా అమ్మ పంపిన మామిడికాయ తొక్కు. జర కారముంటది, సూస్కొని తిను."

ఆయన మధ్యాహ్నం నిద్రపోయినప్పుడల్లా ఒక్కదాన్నే తిని ఖాళీ చేశాను. ఆయనకు పెరుగన్నం, ఉప్పు.

డబ్బా ఖాళీగా తిరిగివ్వడం మా ఇంటా వంటా లేదు. సాయంత్రం కడిగి తుడిచి, ఆయన కాఫీ పొడంతా అందులో పోసి మల్లేశ్‌కిచ్చాను.

"గింత ఎందుకక్కా?"

"మాకు బరువు తగ్గుతుందిలే."

పాపం, ఫిల్టర్ లేకుండా అతనెలా కాచుకుంటాడో...

పొద్దున ఆరింటికి ఆయన కాఫీ డబ్బా మూత తీస్తాడు. ఆ మొహం చూడ్డానికి నేను ముందే లేచి కూర్చుంటాను.