మొగిలమ్మ పొడికి పరీక్ష

పాలంపేట, 12-5-1979

చిరంజీవి రాయమల్లుకు మేనమామ వెంకట్రాజం దీవించి రాయునది,

ఈ ఉత్తరం రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. కార్డు కొన్నాక చేతులు ఊరుకోలేదు. గుడి చూడవచ్చిన బస్సువాళ్లకు విరేచనాలయ్యాయట. మా హోటల్ ఆలుగడ్డ కూరే కారణమని హెల్త్ ఇన్‌స్పెక్టర్ హోటల్ మూయిస్తానన్నాడు. ఆ కూరలో మీ అత్త మొగిలమ్మ లవంగాలు, దాల్చినచెక్క దంచిన పొడి వేస్తుంది. రెండు రోజులైనా పాసిపోదు. (మా తాత పెళ్లిలో ఈ పొడి లేకే మగపెళ్లివారంతా చెరువుగట్టు పట్టారు. అది పెద్ద కథ.) నీ సుబేదారి ల్యాబ్‌లో పరీక్ష చేయించి కాగితం ఇప్పించు. పొడి వేసిన కూర, వేయని కూర, విడిగా కొంత పొడి కండక్టర్ యాకయ్యతో పంపాను.

తా.క. ఇన్‌స్పెక్టర్ మూయిస్తానన్న మాట కూర మారు వడ్డించుకుంటూ చెప్పాడు.

సుబేదారి, 15-5-1979

మామకు రాయమల్లు దండాలు,

పొయ్యి మీంచి దించిన కూరలో ఏ క్రిమి దొరుకుతుంది? రెండు కూరలూ టిఫిన్ డబ్బాల్లో రెండు రోజులు బయట ఉంచి పంపు. పొడి ఉన్నదాంట్లో క్రిములు పెరగలేదని అప్పుడే రాయగలం. దానికి ఎర్రదారం కట్టు.

తా.క. కూర వృథా కాలేదు. మా ల్యాబ్ సార్లు చపాతీలు తెప్పించుకున్నారు.

పాలంపేట, 19-5-1979

చిరంజీవి రాయమల్లుకు దీవెనలు,

నీ కార్డు చదవగానే మీ అత్త కూలబడింది. "సదువుకున్న సార్లకు పాసిన కూర పంపుతరా? కుక్కకన్న పెడ్తమా? నా ఇజ్జత్ ఏంగాను?" అంది. హోటల్ పోతుందన్నాక కళ్లు తుడుచుకుంటూ టిఫిన్లు కట్టింది.

తా.క. సార్లు నొచ్చుకోకుండా రెండింటి మీదా వేడి తాలింపు, కొత్తిమీర వేసింది. ఘుమఘుమలాడుతోంది.

సుబేదారి, 22-5-1979

మామకు దండాలు,

నేను వచ్చేసరికే ఆ తాలింపు వాసనకు సార్లు టిఫిన్లు విప్పేశారు. నీ హోటల్ మూయించే నోటీసు పట్టుకుని మా రిపోర్టు కోసం వచ్చిన ఇన్‌స్పెక్టర్‌ను కూడా కూర్చోబెట్టారు. ఎర్రదారం టిఫిన్ తిన్న నలుగురూ బాగున్నారు. రెండోది తిన్న ముగ్గురు దవాఖానలో ఉన్నారు, ప్రాణాపాయం లేదు. మా పెద్దసారు మంచం మీంచే, "రాయమల్లూ, జర రిజల్టు రాస్కో. పొడి పనిజేస్తాంది" అన్నాడు.

తా.క. ఇన్‌స్పెక్టర్ తిన్నది ఎర్రదారందే. ఇవాళ వచ్చి మూడు ఖాళీ కుర్చీలను చాలాసేపు చూశాడు. తర్వాత నీ నోటీసును పొట్లంలా మడిచి, మిగిలిన పొడి అందులో పోయించుకుని బస్సెక్కాడు.