మంచి మాటకు నోరు తీపి

నవంబర్ 3, సోమవారం. ఉదయం 6:10
నేటి నుంచి చక్కెర బంద్! బెల్లం బంద్! నాకు ముప్పయ్యారు. వయసుతో పాటు అండాలు తగ్గుతాయి, అది ఎవరి చేతిలోనూ లేదని కంఠేశ్వర్ దవాఖాన డాక్టరమ్మ మొన్న బొమ్మ గీసి చెప్పింది. కానీ నా పీసీఓడీ, థైరాయిడ్, అంచున ఉన్న షుగర్, ఈ మూడింటినీ దారికి తెచ్చుకోవచ్చట. ఐదు కిలోలు తగ్గితే నెలసరి సరిగ్గా రావచ్చు, కడుపు పండే అవకాశం పెరుగుతుందట. గడువు మూడు నెలలు. నాకు నెల చాలు!

నవంబర్ 4
పరగడుపున థైరాయిడ్ మాత్ర. చక్కెర లేని చాయ్. వేపాకు కషాయమే నయం. అయినా తాగేశా!

నవంబర్ 12
డెబ్బై రెండు కిలోల నుంచి డెబ్బై ఒకటి! గంతేశా. బోధన్‌లో ఉన్న అత్తమ్మ భీమవ్వకు ఫోన్ చేశా. తప్పు అక్కడే జరిగింది. మధ్యాహ్నం బస్సుకు దిగింది, ఎండు కొబ్బరి కుడుకల నిండా చక్కెరతో. మంచి మాట చెప్పిన నోటిని తీపి చేయకపోతే అరిష్టమట. ఒక్కటే తిన్నా. కొబ్బరి ఒంటికి మంచిదే.

నవంబర్ 19
ఇంకో అర కిలో తగ్గా! నేను దాచా, మా ఆయన భాను చెప్పేశాడు. మళ్ళీ బస్సు. ఈసారి మా చేను చెరుకు బెల్లం. సొంత చేనుది ఏమీ చేయదని అత్తమ్మ వాదన. నాకూ నిజమే అనిపించింది.

నవంబర్ 27
పక్కింటి రమ్య కొడుకును ఉయ్యాలలో వేసే తొట్టెల వేడుక. లడ్డూలు: రెండు. వాడి పాదాలు చూసి ఏడుపొచ్చింది, రెండోది అందుకే. చెరుకు రసం: ఒక గ్లాసు. మాత్ర: రెండు రోజులుగా మరిచా.

డిసెంబర్ 5
డెబ్బై మూడు. బరువు మిషన్ పాడైందన్నా. భాను ఎక్కి చూశాడు. పాడవలేదు.

డిసెంబర్ 8
డాక్టరమ్మ ఏం తింటున్నావని అడిగింది. ఆకుకూరలన్నా. వెంట వచ్చిన అత్తమ్మ లేచింది.
"కోడలు అబద్ధం చెప్తున్నది డాక్టరమ్మా. తీపి తినిపిచ్చింది నేనే."
ఆటోలో ఏడుపాగలేదు. ఏప్రిల్‌కు ముప్పయ్యేడు, భయమేస్తోందన్నా. అత్తమ్మ నా చెయ్యి వదల్లేదు.
"పిల్లలైతే సంబురమే. కాకున్నా నువ్వే నా బిడ్డవు. ముందుగాల నువ్వు మంచిగుండాలె."

డిసెంబర్ 9. ఉదయం 7:40
మళ్ళీ మొదటి రోజు! అత్తమ్మ బోధన్ పోలేదు. ఆమెకు అరవై రెండు, ఏ గడువూ లేదు. అయినా చక్కెర డబ్బా మొత్తం రమ్య వాళ్ళింట్లో ఇచ్చేసి వచ్చింది. గుడి దాకా నడిచాం, ఆయాసపడ్డాం. వచ్చి ఇద్దరం చప్పటి చాయ్ పెట్టుకున్నాం. మొదటి గుక్కకే ఆమె మొహం చూసి నాకు నవ్వాగలేదు, నా మొహం చూసి ఆమెకు ఆగలేదు.